14 ఫొటోలు, 56 ఎంబీ: నా కెమెరా రివ్యూ నాకు నేర్పిన ఇమేజ్ లోడింగ్ పాఠం

నేను ఇక్కడ రాసేవి ఎక్కువగా ఫోన్ రివ్యూలే. ఈసారి మాత్రం నా పేజీనే నేను రివ్యూ చేసుకున్నాను. మార్కులు అస్సలు బాగా రాలేదు. ఎందుకు రాలేదో, ఎలా సరిచేశానో స్టెప్ బై స్టెప్ చెప్తాను. మీకు సొంత సైట్ ఉన్నా, కాలేజీ ప్రాజెక్ట్ చేస్తున్నా, వెబ్ డెవలప్‌మెంట్ ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నా ఇది పనికొస్తుంది.

మొన్న వేసవిలో 15 వేల లోపు దొరికే రెండు ఫోన్ల కెమెరాలను పోల్చి ఒక ఆర్టికల్ రాశాను. పగలు, రాత్రి, పోర్ట్రెయిట్ అన్నీ కలిపి 14 ఫొటోలు. నరసరావుపేట దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని కొడుకు ఆ ఆర్టికల్ కోసమే ఎదురుచూశాడు. సెలవుల్లో పని చేసి కూడబెట్టిన డబ్బుతో ఫోన్ కొందామని. వారం తర్వాత నేనే ఫోన్ చేశాను.

"ఏరా, ఏది తీసుకున్నావ్?"

రాత్రి ఫొటోలు బాగా రావని నేను రాసిన ఫోన్ పేరే చెప్పాడు.

"అదేంట్రా, నా రివ్యూ చూడలేదా?"

"చూశా అన్నా. పైన ఫొటోనే ఎంతకీ రాలా. కింద ఒక్కో ఫొటో వచ్చినప్పుడల్లా నేను చదివే లైను ఎటో పోయేది. చివరికి పేజీ దానంతట అదే రీలోడ్ అయి మళ్లీ మొదటికొచ్చింది. విసుగొచ్చి మూసేశా. షాపతను ఇది బాగుంటుందన్నాడు, తీసేసుకున్నా."

వాడు చెప్పిన మూడు మాటల్లో మూడు వేర్వేరు తప్పులున్నాయి. మూడూ నావే. ఒక్కోటి చూద్దాం.

అసలు ఏం జరిగింది?

నేను ఫోన్‌లో తీసిన ఫొటోలను ఉన్నవి ఉన్నట్టు అప్‌లోడ్ చేశాను. 12 మెగాపిక్సెల్ ఫొటో అంటే 4000×3000 పిక్సెళ్లు. ఒక్కో ఫైల్ సుమారు 4 ఎంబీ. 14 ఫొటోలకి 56 ఎంబీ. మా ఆఫీస్ వైఫైలో అది నాకు కనపడనే లేదు.

మా తమ్ముడి దగ్గర అప్పుడున్నది 2 జీబీ ర్యామ్, 720 పిక్సెళ్ల వెడల్పు స్క్రీన్ ఉన్న పాత ఫోన్. పైగా సాయంత్రానికి ఆ రోజు డేటా అయిపోయింది. చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో డైలీ కోటా దాటితే స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుందని మీకు తెలుసు. 64 కిలోబిట్లు అంటే సెకనుకి 8 కిలోబైట్లు. లెక్క వేయండి: 4 ఎంబీ ఫొటో ఒక్కటి రావడానికి 500 సెకన్లు, అంటే 8 నిమిషాల పైనే. 14 ఫొటోలు రావాలంటే దాదాపు రెండు గంటలు!

"అయినా మాది రెస్పాన్సివ్ సైటే కదా, ఫోన్‌లో చక్కగా సరిపోతుంది కదా" అనుకున్నాను. అక్కడే పొరపాటు. రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అనే పేరు 2010లో ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో వచ్చింది. అందులో ఇమేజ్‌ల కోసం చెప్పిన కిటుకు సింపుల్: సీఎస్ఎస్‌లో మ్యాక్స్-విడ్త్ 100 శాతం అని పెడితే ఫొటో ఎంత పెద్దదైనా స్క్రీన్ దాటి బయటికి పోదు. ఇప్పటికీ అందరం వాడేది అదే. కానీ అది ఫొటో *కనిపించే* సైజునే తగ్గిస్తుంది. *డౌన్‌లోడ్ అయ్యే* సైజుని కాదు. పెద్ద పరుపుని మడిచి చిన్న గదిలో పెట్టినట్టు. గదిలో పట్టింది, కానీ మోసింది మొత్తం పరుపునే.

డౌన్‌లోడ్‌తో కథ అయిపోదు. జేపెగ్ ఫైల్ 4 ఎంబీయే అయినా, దాన్ని స్క్రీన్ మీద చూపించాలంటే విప్పాలి. విప్పాక ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. 4000×3000 ఫొటోని పూర్తి సైజులో విప్పితే 48 ఎంబీ ర్యామ్. అలాంటివి పది ఉంటే? 2 జీబీ ఫోన్‌లో ట్యాబ్ చచ్చిపోయి పేజీ రీలోడ్ అవడంలో ఆశ్చర్యం ఏముంది! ఇక్కడ నెట్ స్పీడ్ ఎంతున్నా లాభం లేదు.

ముందు పిక్సెళ్ల లెక్క

గ్యాడ్జెట్లంటే ఇష్టపడే మీకు ఇది ఈజీ. స్పెక్ షీట్‌లో 720×1600 అని ఉన్న ఫోన్‌ని బ్రౌజర్ 720 వెడల్పుగా చూడదు. అలాంటి ఫోన్లలో చాలావాటిని 360 వెడల్పుగా చూస్తుంది. ఈ 360నే సీఎస్ఎస్ పిక్సెళ్లు అంటాం. ఒక్కో సీఎస్ఎస్ పిక్సెల్ వెడల్పులో 2 అసలు పిక్సెళ్లు ఉంటాయి. ఈ 2 అనే అంకె డివైస్ పిక్సెల్ రేషియో. 1080 వెడల్పు ఫోన్లలో ఇది 3 దాకా ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్ మానిటర్‌లో 1.

2010లో ఐఫోన్ 4 రెటీనా డిస్‌ప్లేతో వచ్చినప్పటి నుంచి వెబ్ డెవలపర్లకి ఈ తలనొప్పి మొదలైంది. సూత్రం ఒక్కటే గుర్తుపెట్టుకోండి:

కావాల్సిన ఫొటో వెడల్పు = పేజీలో ఆ ఫొటోకి ఇచ్చిన చోటు × డివైస్ పిక్సెల్ రేషియో.

నా పోలిక పేజీలో రెండు ఫోన్ల ఫొటోలు పక్కపక్కన ఉంటాయి. 360 స్క్రీన్‌లో ఒక్కోదానికి దక్కే చోటు 180. రేషియో 2 కాబట్టి కావాల్సింది 360 పిక్సెళ్లు. అంటే 400×300 ఫొటో ఇస్తే చాలు, ఇంకా మిగులుతుంది. 400×300 అంటే లక్షా 20 వేల పిక్సెళ్లు. నేను పంపింది కోటీ 20 లక్షలు. అవసరానికి సరిగ్గా వంద రెట్లు!

బ్రౌజర్‌కి మెనూ కార్డ్ ఇవ్వండి: సోర్స్‌సెట్, సైజెస్

అలాగని అన్నీ 400 వెడల్పులో పెడితే పెద్ద స్క్రీన్‌లో మసకగా కనిపిస్తాయి. కాబట్టి ఒక్కో ఫొటోని నాలుగు సైజుల్లో చేశాను: 400, 800, 1200, 1600. ఏ ఫోన్‌కి ఏది పంపాలో నేను నిర్ణయించక్కర్లేదు. జాబితా ఇస్తే బ్రౌజరే ఎంచుకుంటుంది.

ఇమేజ్ ట్యాగ్‌లో సోర్స్‌సెట్ అనే ఆట్రిబ్యూట్ ఉంటుంది. అందులో ప్రతి ఫైల్ పేరు పక్కన దాని అసలు వెడల్పు రాస్తాం: 400డబ్ల్యూ, 800డబ్ల్యూ అలా. డబ్ల్యూ అంటే విడ్త్. కోడ్‌లో ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను. ఈ ఆట్రిబ్యూట్ పేరులో సోర్స్ అనే మాటకి కోడ్‌లో ఎస్ఆర్‌సీ అనే మూడక్షరాలే వాడతాం.

ఈ పని చేసి ఆగిపోయాను. అది నా రెండో తప్పు, చాలామంది చేసేది కూడా ఇదే. పక్కనే సైజెస్ అనే ఇంకో ఆట్రిబ్యూట్ రాయాలి. రాయకపోతే బ్రౌజర్ "ఈ ఫొటో స్క్రీన్ మొత్తం వెడల్పు తీసుకుంటుంది" అనుకుంటుంది.

బ్రౌజర్‌కి పేజీ లేఅవుట్ తెలియదా అని మీకు డౌట్ రావచ్చు. నాకూ వచ్చింది. తెలుస్తుంది, కానీ ఆలస్యంగా. హెచ్‌టీఎమ్ఎల్ వస్తుండగానే బ్రౌజర్‌లో ప్రీలోడ్ స్కానర్ అనే భాగం ముందుకి పరిగెత్తి, ఏ ఫైళ్లు కావాలో చూసి డౌన్‌లోడ్ మొదలుపెట్టేస్తుంది. అప్పటికి సీఎస్ఎస్ రాదు, లేఅవుట్ తయారవదు. స్క్రీన్ ఎంతో, రేషియో ఎంతో దానికి తెలుసు. ఫొటోకి పేజీలో ఎంత చోటు ఇచ్చామో మాత్రం తెలియదు. అది తెలిసింది పేజీ రాసిన మనకే. మనకి తెలిసింది మనం చెప్పాలి, దానికి తెలిసిందాన్ని బట్టి అది ఎంచుకోవాలి. ఈ ఆర్టికల్‌లో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

నా పేజీలో కంటెంట్ కాలమ్ గరిష్ఠంగా 720 పిక్సెళ్లు. అందుకే సైజెస్‌లో ఇలా రాశాను: స్క్రీన్ 720 లోపు ఉంటే 50వీడబ్ల్యూ, లేదంటే 360 పిక్సెళ్లు. 50వీడబ్ల్యూ అంటే స్క్రీన్ వెడల్పులో 50 శాతం. తేడా చూడండి:

- సైజెస్ లేనప్పుడు 720 వెడల్పు ఫోన్: 360×2 = 720 కావాలనుకుని 800 ఫైల్ తీసుకుంది.
- సైజెస్ రాశాక అదే ఫోన్: 180×2 = 360 చాలని 400 ఫైల్ తీసుకుంది. పిక్సెళ్లు నాలుగో వంతు.
- సైజెస్ లేనప్పుడు 1920 మానిటర్: జాబితాలో అన్నిటికంటే పెద్దదైన 1600 ఫైల్.
- సైజెస్ రాశాక అదే మానిటర్: 400 ఫైల్. పిక్సెళ్లు పదహారో వంతు.

ఒక్క లైన్ కోడ్‌తో ఇంత తేడా. ఒక సంగతి: సోర్స్‌సెట్ ఆర్డర్ కాదు, మెనూ. ఏది తీసుకోవాలన్నది చివరికి బ్రౌజర్ ఇష్టం. పెద్ద ఫైల్ క్యాష్‌లో ఆల్రెడీ ఉంటే క్రోమ్ దాన్నే వాడుకుంటుంది. అది మంచిదే.

ఇంత సింపుల్‌గా కనిపించే ఈ ఫీచర్ బ్రౌజర్లలోకి రావడానికి ఏళ్లు పట్టింది. పిక్చర్ ట్యాగ్‌ని క్రోమ్ ఇంజిన్‌లో పెట్టే పని కోసం యోవ్ వైస్ అనే డెవలపర్ 2014లో క్రౌడ్‌ఫండింగ్ చేశారు. మామూలు డెవలపర్లు తలా కొంత వేసుకున్నారు. అదే ఏడాది క్రోమ్ 38లో అది వచ్చింది. వర్డ్‌ప్రెస్ అయితే 2015 చివర్లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి సోర్స్‌సెట్‌ని తనే రాస్తుంది. కానీ మీ థీమ్‌లో కాలమ్స్ ఎలా ఉన్నాయో చూసి సైజెస్ సరిచూసుకోవాల్సింది మీరే.

ఏ ఫార్మాట్ వాడాలి?

సైజు సెట్ అయ్యాకే ఫార్మాట్ గురించి ఆలోచించండి. 4000 వెడల్పు ఫొటోని కొత్త ఫార్మాట్‌లోకి మార్చి పెట్టడం అంటే జబ్బు ఒకటైతే మందు ఇంకోటి వేయడమే.

గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ, అదే క్వాలిటీ దగ్గర జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం చిన్నదని గూగుల్ లెక్క. ఆ తర్వాత వచ్చిన ఏవీఐఎఫ్ చాలా ఫొటోలకి ఇంకా చిన్నదవుతుంది. ఇది 2020లో క్రోమ్ 85లో, 2021లో ఫైర్‌ఫాక్స్ 93లో, 2022లో సఫారీ 16లో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంది కాబట్టి పాత ఫోన్లలో కూడా చాలావరకు సమస్య లేదు. ఐఫోన్‌లో సఫారీ మాత్రం ఐఓఎస్‌తో పాటే మారుతుంది. ఐఫోన్ 7 ఐఓఎస్ 15 దగ్గర ఆగిపోయింది, కాబట్టి దానికి ఏవీఐఎఫ్ రాదు. ఐఫోన్ 6 ఐఓఎస్ 12 దగ్గరే ఆగింది, దానికి వెబ్‌పీ కూడా రాదు.

అందుకే పిక్చర్ ట్యాగ్ వాడతాం. లోపల మొదట ఏవీఐఎఫ్ సోర్స్, తర్వాత వెబ్‌పీ సోర్స్, చివర్లో జేపెగ్‌తో మామూలు ఇమేజ్ ట్యాగ్. బ్రౌజర్ పైనుంచి కిందికి చూస్తూ తనకి అర్థమయ్యే మొదటిదాన్ని తీసుకుంటుంది. కాబట్టి వరస ముఖ్యం. ప్రతి సోర్స్‌కీ సోర్స్‌సెట్, సైజెస్ విడివిడిగా రాయడం మర్చిపోకండి.

రివ్యూ ఫొటోని కుదిస్తే అది అబద్ధం అవదా?

ఈ డౌట్ మా ఎడిటర్ లేవనెత్తారు. న్యాయమైన ప్రశ్నే. రాత్రి ఫొటోలో నాయిస్ ఎంత ఉందో, చెట్టు ఆకులు మెత్తబడ్డాయో లేదో చూపించడమే మా పని. ఫొటోని 400 వెడల్పుకి కుదిస్తే ఏ ఫోన్ ఫొటో అయినా బాగానే కనిపిస్తుంది. మా తమ్ముడిలాంటి వాడు దాన్ని చూసి కొంటే మళ్లీ మోసపోతాడు.

దీనికి మేం కనిపెట్టిన దారి ఇది. మొత్తం ఫొటోని చిన్న సైజులో చూపిస్తాం. దాని కింద అసలు ఫొటోలోంచి 800×600 ముక్కని ఏమాత్రం కుదించకుండా కత్తిరించి, పూర్తి వెడల్పులో పెడతాం. కెమెరా బండారం బయటపడేది ఆ ముక్కలోనే. రెండు ఫోన్లకీ ఒకే చోటు, ఒకే క్వాలిటీ సెట్టింగ్. ఒరిజినల్ కావాలనుకునేవాళ్లకి లింక్, పక్కనే "4 ఎంబీ" అని సైజు. డేటా ఖర్చు పెట్టాలో వద్దో చదివేవాళ్లు నిర్ణయించుకుంటారు.

ఇంకో జాగ్రత్త. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటో ఫైల్ లోపల తీసిన చోటు కూడా రికార్డ్ అవుతుంది. నేను అప్‌లోడ్ చేసిన ఒరిజినల్స్‌లో మా ఇంటి లొకేషన్ ఉందని ఈ పని చేస్తుండగానే చూశాను. సైట్‌లో పెట్టే ప్రతి ఫైల్‌లోంచీ, ఒరిజినల్ లింక్‌తో సహా, ఆ మెటాడేటా తీసేయండి.

లేజీ లోడింగ్: అన్నిటికీ పెట్టకండి

ఇమేజ్ ట్యాగ్‌లో లోడింగ్ అనే ఆట్రిబ్యూట్‌కి లేజీ అని ఇస్తే, ఆ ఫొటో స్క్రీన్ దగ్గరికి వచ్చేదాకా బ్రౌజర్ డౌన్‌లోడ్ చేయదు. 2019లో క్రోమ్‌లో వచ్చింది, 2022లో సఫారీ 15.4తో ఐఫోన్లకీ వచ్చింది. జావాస్క్రిప్ట్ అక్కర్లేదు. మధ్యలో మూసేసే వాళ్ల డేటా మిగులుతుంది.

నేను ఉత్సాహంగా 14 ఫొటోలకీ లేజీ పెట్టేశాను. మా తమ్ముడి మొదటి కంప్లైంట్ గుర్తుందా? "పైన ఫొటోనే ఎంతకీ రాలా." అది సరిచేయాల్సింది పోయి ఇంకా లేట్ చేశాను. పేజీ తెరవగానే కనిపించే ఫొటోకి లేజీ పెడితే, అది నిజంగా స్క్రీన్ మీద ఉందా లేదా అని తేల్చుకోవడానికి బ్రౌజర్ లేఅవుట్ తయారయ్యేదాకా ఆగుతుంది. ప్రీలోడ్ స్కానర్ ఇచ్చిన లాభం అంతా పోయింది.

రూల్ ఏంటంటే: పైన కనిపించే మెయిన్ ఫొటోకి లేజీ వద్దు. పైగా ఫెచ్-ప్రయారిటీ అనే ఆట్రిబ్యూట్‌కి హై అని ఇవ్వండి. కిందున్న మిగతావాటికి లేజీ ఉంచండి. పేజీలో అన్నిటికంటే పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపిస్తే మంచి పేజీ అని గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ చెప్తుంది. చాలా పేజీల్లో ఆ పెద్ద భాగం ఈ మెయిన్ ఫొటోనే.

చదివే లైను ఎందుకు పారిపోయింది?

ఫొటో వచ్చేదాకా దాని ఎత్తెంతో బ్రౌజర్‌కి తెలియదు. అందుకని చోటు వదలకుండా టెక్స్ట్ పేర్చేస్తుంది. ఫొటో రాగానే టెక్స్ట్ అంతా కిందికి దూకుతుంది. ఒక లింక్ నొక్కబోతే వేలి కిందికి ఇంకోటి వచ్చిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

మందు చాలా చిన్నది. ఇమేజ్ ట్యాగ్‌లో విడ్త్, హైట్ అంకెలు రాయండి. 400, 300 అని రాస్తే చాలు, బ్రౌజర్ ఆ నిష్పత్తి పట్టుకుని ఏ స్క్రీన్‌లో అయినా సరిపడా చోటు ముందే ఉంచుతుంది. సీఎస్ఎస్‌లో హైట్ ఆటో అని ఉండాలి, లేకపోతే ఫొటో సాగిపోతుంది.

ఎలా చెక్ చేసుకోవాలి?

1. కంప్యూటర్‌లో క్రోమ్ డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఇమేజ్ ఫిల్టర్ పెట్టండి. ఏ ఫైల్ వచ్చింది, ఎన్ని కేబీ అని అక్కడే కనిపిస్తుంది.
2. డిజేబుల్ క్యాష్ టిక్ చేయండి. లేకపోతే ముందు వచ్చిన పెద్ద ఫైలే మళ్లీ కనిపించి, కోడ్ పనిచేయడం లేదనుకుంటారు. నేను ఒక సాయంత్రం మొత్తం ఇలాగే పోగొట్టుకున్నాను.
3. ఎలిమెంట్స్ ట్యాబ్‌లో ఫొటో లింక్ మీద మౌస్ పెడితే, కనిపించే సైజు, అసలు సైజు రెండూ చూపిస్తుంది. రెండింటి మధ్య తేడా మీ రేషియో కంటే బాగా ఎక్కువుంటే సైజెస్ తప్పు.
4. థ్రాట్లింగ్‌లో 64 కేబీపీఎస్ అని సొంత ప్రొఫైల్ చేసుకుని ఒక్కసారి మీ పేజీ మీరే చదవండి. ఓపిక ఉంటే.
5. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఉన్న పాత ఫోన్‌లో తెరిచి చూడండి. కంప్యూటర్‌లో స్క్రీన్ చిన్నది చేసినంత మాత్రాన ర్యామ్ చిన్నదవదు.

చివరికి

అన్నీ సరిచేశాక నా పేజీలో పైన ఫొటో 70 కేబీ, పోలిక ఫొటోలు ఒక్కోటి 25 కేబీ లోపు. 64 కేబీపీఎస్‌లో కూడా పైన ఫొటో 9 సెకన్లలో వస్తుంది. 9 సెకన్లు గొప్పేమీ కాదు. కానీ 8 నిమిషాలతో పోల్చండి.

లింక్ మా తమ్ముడికి పంపి, డేటా అయిపోయాకే తెరవమన్నాను. రాత్రి పదింటికి మెసేజ్ పెట్టాడు: "ఇప్పుడు మొత్తం చదివా అన్నా. నాది రాత్రి ఫొటోలకి పనికిరాదని ఇప్పుడు అర్థమైంది."

ఆ మెసేజ్‌కి ఏం రిప్లై ఇవ్వాలో తోచలేదు. నా రివ్యూ ఇంత అవసరమైంది సరిగ్గా ఆ ఫోన్‌లో, ఆ స్పీడ్‌లో చదివేవాడికే. లక్ష రూపాయల ఫోన్ కొనేవాడికి ఒకటి నచ్చకపోతే ఇంకోటి కొనుక్కునే వీలుంటుంది. వాడికి ఇంకో రెండేళ్లు అదే ఫోన్.

మీ పేజీ పబ్లిష్ చేసే ముందు ఒక్కసారి ఆ ఫోన్‌ని గుర్తుచేసుకోండి. ఇక ఆలస్యం ఎందుకు, ఈ రోజే మీ సైట్‌లో ఒక పేజీ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూడండి. ఎన్ని ఎంబీ వచ్చిందో చూశాక మిగతా పని మీరే మొదలుపెడతారు.